మిగిలింది ఎవరు తింటారు

మెడికల్ కాలేజీలో చేరిన కొత్తలో నాకు అంతుపట్టని విషయం ఒకటుండేది. మనిషి చేతిలో ఒక చిన్న నరం ఎక్కడ పుట్టి ఎక్కడ అంతమవుతుందో చెప్పడానికి మా చదువులో రోజుల తరబడి సమయం ఉండేది. ఆ చేత్తో రోజూ నోట్లో పెట్టుకునే అన్నం గురించి చెప్పడానికి మాత్రం తీరిక ఉండేది కాదు. పోషకాహారం క్లాసులు ఎప్పుడూ మధ్యాహ్నం భోజనాల తర్వాతే వచ్చేవి. రాజమండ్రి ఎండకీ, హాస్టల్ మెస్సులో తిన్న సాంబారన్నానికీ సగం క్లాసు బల్లల మీద తలలు వాల్చేసేది. విటమిన్లు, అవి తక్కువైతే వచ్చే జబ్బులు బోర్డు మీద ఒకదాని కింద ఒకటి దిగుతూ ఉండేవి. పరీక్షకి అవి చాలు. ఆ విటమిన్లు ఎవరి వంటింట్లోంచి ఎవరి చేతుల మీదుగా ఎవరి కడుపులోకి వెళ్తాయో ఎవరూ అడిగేవారు కాదు.

నేను మాత్రం నిద్రపోయేదాన్ని కాదు. ఇందులో నా గొప్పేమీ లేదు, పెరిగిన ఇల్లు అలాంటిది. భీమవరం దగ్గర మాకు రొయ్యల చెరువులున్నాయి. మా ఇంట్లో భోజనాల దగ్గర ఎప్పుడూ రొయ్యల భోజనం గురించే మాటలు. ఈ పూట మేత ఎంత వేశారు, మబ్బు పట్టింది కాబట్టి ఎంత తగ్గించాలి, ఏ చెరువులో సరిగ్గా తినడం లేదు, ఎందుకు తినడం లేదు. మా నాన్న నోట్లో ముద్ద ఉండగానే ఫోను తీసి చెరువు దగ్గర మనిషికి మేత సంగతులు చెప్పేవారు. అలాంటి ఇంట్లోంచి వచ్చాను కాబట్టి తిండి గురించి ఎవరు మాట్లాడినా చెవులు రిక్కించుకుని వింటాను. క్లాసులో నేను ప్రశ్న అడగడానికి లేస్తే చాలు, వెనక బెంచీలోంచి "మేత డాక్టరు లేచింది" అనేవారు. కోపం రాకపోగా నాకు ఆ పేరు నచ్చింది కూడా.

మా చదువులో ఒక పద్ధతి ఉంది. ఒక్కో విద్యార్థికి ఒక పల్లెటూళ్ళో కొన్ని కుటుంబాలు అప్పజెబుతారు. చదువు సాగినన్నాళ్ళూ అప్పుడప్పుడూ వెళ్ళి వాళ్ళ ఆరోగ్యం కనుక్కుంటూ ఉండాలి. దీన్ని దత్తత అంటారు. నాకు దక్కిన ఇళ్ళు మండపేట దాటాక ఒక ఊళ్ళో ఉండేవి. కాలేజీ బస్సు రైస్ మిల్లుల మధ్య నుంచి, తవుడు వాసనలోంచి, బస్తాల లారీలకి దారి ఇచ్చుకుంటూ వెళ్ళి మమ్మల్ని అక్కడ దింపేది. దత్తత అని పేరేగానీ, ఎవరు ఎవర్ని దత్తత తీసుకున్నారో చెప్పడం కష్టం. మేము వాళ్ళ బీపీ చూసేవాళ్ళం. వాళ్ళు మాకు కాఫీలు, జంతికలు, మామిడిపళ్ళ కాలంలో మామిడిపళ్ళు పెట్టి పోషించేవారు. వద్దంటే ఊరుకునేవారు కాదు. గోదావరి జిల్లాల్లో వద్దు అన్న మాటకి ఇంకొంచెం వెయ్యండి అనే అర్థం చెప్పుకుంటారు.

అలా నాకు పరిచయమైన ఇళ్ళలో ఒక రైతు కుటుంబం ఉండేది. భార్య, భర్త, ఇద్దరు కొడుకులు. కొడుకులిద్దరికీ ఇంకా పెళ్ళిళ్ళు కాలేదు. ఒకడు మిల్లు లారీల లెక్కలు చూసేవాడు, రెండోవాడు మండపేటలో మోటారు సైకిళ్ళ షాపులో పనిచేసేవాడు. భర్త కాస్త సొంత పొలం, కాస్త కౌలు పొలం సాగుచేసేవాడు. ఆయన్ని బాబాయిగారనీ ఆవిడని పిన్నిగారనీ పిలిచేదాన్ని. ఈ రాతకి కారణం ఆ పిన్నిగారు.

ఆవిడకి చాలా ఏళ్ళుగా షుగరు ఉంది. దానికి తోడు రెండు కళ్ళల్లోనూ శుక్లాలు ముదిరాయి. మొదటిసారి వెళ్ళినప్పుడు గుమ్మంలో నిలబడి, నా వైపు కాకుండా నా భుజం పక్కకి చూస్తూ "రండి డాక్టరుగారూ" అంది.

"మనిషి వచ్చినట్టు తెలుస్తదండి. మొహం తెలీదు. పొయ్యి కాడ మటుకు అలవాటు మీద లాగేత్తున్నానండి," అంది.

హాల్లో మూలన కుట్టుమిషను ఉండేది. దానిమీద పాత చీర కప్పి ఉంచారు. ఊళ్ళో సగం మంది జాకెట్లు తను కుట్టినవేనని ఆవిడ చెప్పేది. అది గొప్పకి చెప్పింది కాదని తర్వాత తెలిసింది. వీధిలో ఏ ఆడమనిషిని కదిపినా, "ఆవిడ మిషను ఎక్కడం మానేశాక మాకు సరైన జాకెట్టు లేదండీ" అనేవారు. కళ్ళకి ఆపరేషన్ చేయిస్తే ఆవిడ మళ్ళీ మిషను మీద కూర్చోవచ్చు. కానీ ఆస్పత్రిలో షుగరు చూసి, ఇంత ఉంటే కన్ను మీద చెయ్యి వెయ్యలేమని వెనక్కి పంపారు. మందులు పెంచుకుని మళ్ళీ వెళ్తే మళ్ళీ పంపారు. మా ఊరి బళ్ళో ఫెయిలైన పిల్లల్లా పంపేస్తున్నారండి అని నవ్వేది. నవ్వేదిగానీ, మాట్లాడుతున్నంతసేపూ ఆవిడ వేళ్ళు చీర అంచుని మడిచి, కుట్టు వేస్తున్నట్టు జరుగుతూ ఉండేవి.

చిక్కేమిటంటే ఆవిడ షుగరు ఒక పద్ధతిలో ఉండేది కాదు. ఒకసారి వెళ్తే షుగరు మిషను చూపించే అంకె చూసి నాకే భయం వేసేది. ఇంకోసారి వెళ్తే మామూలు కంటే తక్కువ. పీహెచ్‌సీలో డాక్టరుగారికి పెద్ద అంకెలే ఎక్కువ కనబడేవి కాబట్టి ఆయన మాత్రల మోతాదు పెంచుకుంటూ పోయారు. మధ్యలో ఆవిడకి కళ్ళు తిరిగేవి. ఒకనాడు పంపు దగ్గర పడిపోతే పక్కింటివాళ్ళు లేపి కూర్చోబెట్టి పంచదార నీళ్ళు పట్టారు.

క్లాసులో నేర్పినట్టే నేను అడిగాను. నిన్న పొద్దున్న లేచిన దగ్గర్నించి పడుకునేదాకా ఏం తిన్నారో చెప్పమన్నాను. పొద్దున్న రెండు ఇడ్లీలు. మధ్యాహ్నం కొంచెం అన్నం, కూర. రాత్రి పుల్కాలు, అవీ డాక్టరు చెప్పాడు కాబట్టి. కాఫీలో పంచదార మానేసింది. చిన్న గరిటెలు, పెద్ద గరిటెలు, గ్లాసులు చూపించి ఎంత అని అడిగితే చేత్తో తడిమి చూసి చెప్పింది. అదంతా కలిపి చూస్తే ఎంతో కాదు. బాబాయిగారు కూడా వరండాలోంచి సాక్ష్యం చెప్పారు.

"మా ఆవిడ తిండెంతండీ, పిట్టకి పెట్టినట్టు. రోగమేంటో గానీ తినకుండానే పెరుగుతుందండి షుగరు," అన్నారు.

తినకుండా షుగరు ఎలా పెరుగుతుంది? బస్సులో తిరిగొస్తూ ఈ ప్రశ్న పైకే వేశాను. నా పక్కనున్న స్నేహితురాలు కిటికీలోంచి తల తిప్పకుండానే, "అబద్ధం చెప్తోంది. షుగరున్నవాళ్ళందరూ చెప్తారు. డబ్బాలో సున్నుండలు దాచుకుని ఉంటుంది," అంది. వార్డుల్లో మా సీనియర్లు కూడా ఇలాగే అనేవారు. రోగి చెప్పిన తిండికి ఇంకో సగం కలిపి రాసుకోవాలనేవారు. నాకు ఈ మాట మింగుడుపడలేదు. అబద్ధం చెప్పే మనిషి ఇలా ఉండదు. ద్రాక్షారామం గుడికి వెళ్ళినప్పుడు ప్రసాదం పులిహోర గుప్పెడు తిన్నానని, అది కూడా లెక్కలో వేసుకోమని ఆవిడే నాకు గుర్తుచేసింది. దేవుడి ప్రసాదం కూడా దాచుకోని మనిషి సున్నుండలు దాచుకుంటుందా?

ఆ తర్వాతిసారి వెళ్ళినప్పుడు ఇంకో విద్య ప్రయోగించాను. మాకు క్లాసులో కంచం బొమ్మ ఒకటి నేర్పారు. గుండ్రటి కంచాన్ని గీతలు గీసి, సగం కూరలు, పావు భాగం అన్నం, పావు భాగం పప్పో గుడ్డో చేపో ఉండాలని చెప్పే బొమ్మ. ఆవిడకి బొమ్మ కనబడదు కాబట్టి నిజం కంచం మీదే చూపిద్దామనుకున్నాను.

"మీరు తినే కంచం తెండి పిన్నిగారూ," అన్నాను.

వంటింట్లోకి వెళ్ళింది. స్టాండులో స్టీలు కంచాలున్నాయి. అన్నిటి మీదా పేర్లు కొట్టించి ఉన్నాయి. ఆవిడ వేలితో పేరు తడిమి ఒకటి తెచ్చింది. అది భర్తది. ఇది బాబాయిగారిది కదా, మీది తెండి అన్నాను. మళ్ళీ వెళ్ళి పెద్దకొడుకుది తెచ్చింది.

"నాదంటూ ఏముంటదండి? ఏదో ఒక గిన్నె. దీనిమీద చెప్పెయ్యండి, ఏదైనా కంచమే కదా," అంది.

నేను ఆ కంచం మీదే వేలితో గీతలు గీసి అంతా వివరంగా చెప్పాను. "ఆయ్, అర్థమైందండి" అంది. ఆవిడకి అర్థమైంది కానీ నాకే ఇంకా అర్థం కాలేదు. ఆవిడ షుగరు కూడా ఏమీ మారలేదు.

ఆ మధ్య సెలవులకి ఇంటికి వెళ్ళాను. సాయంత్రం నాన్నతో చెరువు గట్టు మీదకి వెళ్ళాను. రొయ్యల చెరువులో చెక్ ట్రే అని ఒకటుంటుంది. వల బిగించిన పళ్ళెం లాంటిది. అందులో కొంచెం మేత వేసి నీళ్ళలోకి దింపుతారు. కాసేపయ్యాక పైకి లాగి చూస్తారు. మేత మిగిలి ఉంటే రొయ్య తినడం లేదని, ఖాళీగా ఉంటే ఆకలిగా ఉందని గుర్తు. చిన్నప్పటి నుంచీ వందలసార్లు చూసిన పనే. ఆ రోజు నాన్న పళ్ళేన్ని పైకి లాగి, మిగిలిన మేతని వేళ్ళతో కెలికి చూసి, "రేపు తగ్గించాలి" అన్నారు. నేను పిన్నిగారి సంగతి ఆలోచిస్తూ పరధ్యానంగా, "ఎంత తిన్నాయో ఎలా తెలుస్తుంది నాన్నా?" అన్నాను.

ఆయన నా వంక వింతగా చూశారు. "రొయ్యల్ని అడుగుతామేంటమ్మా? మిగిలింది చూస్తే తెలిసిపోద్ది," అన్నారు.

నాకు అక్కడే ఆ వంటింట్లో స్టాండు, దానిలో ఆవిడ పేరు లేని కంచాలు కళ్ళముందు కదిలాయి. నేను ఇన్నిసార్లు ఆ ఇంటికి వెళ్ళి ఏం తిన్నారని అడిగానే గానీ, ఏం మిగిలిందని ఒక్కసారి కూడా అడగలేదు. అందరూ తిన్నాక ఆ అన్నం గిన్నె సంగతేమవుతుంది? సెలవులు ఎప్పుడైపోతాయా అని ఆత్రంగా ఎదురుచూడటం నా చదువు మొత్తంలో అదే మొదటిసారి, బహుశా చివరిసారి కూడా.

కాలేజీ తెరిచాక బస్సు కోసం ఆగకుండా నేనే వెళ్ళాను. మధ్యాహ్నం భోజనాలు అయిపోయిన వేళ. బాబాయిగారు పొలానికి వెళ్ళారు. ఆవిడ ఒక్కతే వంటింట్లో ఉంది. నేను పీట లాక్కుని ఎదురుగా కూర్చున్నాను.

"అందరూ తిన్నాక అన్నం మిగులుతుందా పిన్నిగారూ?"

"మిగలకపోతే ఎలాగండి? గిన్నె ఊడ్చినట్టు వండుకుంటామా? వేళకి ఎవరైనా వస్తేనో? లేదనాలా?"

"ఎవరూ రాకపోతే?"

"రాకపోతే మిగులుద్దండి."

"ఆ మిగిలింది ఏం చేస్తారు?"

ఆవిడ వేళ్ళు చీర అంచు మీద ఆగిపోయాయి. "ఖాళీ చేసేత్తానండి," అంది.

"ఖాళీ చెయ్యడమంటే?"

"గిన్నెలో కాస్త మజ్జిగ పోసుకుని నేనే తినేత్తానండి. అది భోజనం కాదు లెండి. గిన్నె కడుక్కోవాలి కదా, అందుకని. పొద్దున్న కుర్రోళ్ళు వదిలేసిన ఇడ్లీలుంటాయి, అయ్యీ అంతే. రాత్రి పుల్కాలు తినేశాక చూసుకుంటే గిన్నెలో అన్నం ఉంటది. చిన్నోడు బయట బిర్యానీ తినేసి వత్తాడు, ముందు చెప్పడు. అన్నం పారబోత్తామాండి?"

అబద్ధం ఎక్కడా లేదు. నేను తిండి గురించి అడిగాను, ఆవిడ తిండి గురించే చెప్పింది. గిన్నె ఖాళీ చెయ్యడం ఆవిడ దృష్టిలో ఇల్లు ఊడవడం లాంటి పని. ఇల్లు ఊడ్చానని ఎవరైనా డాక్టరుకి చెబుతారా?

"పెళ్ళైనప్పటి నుంచీ ఇంతేనా?" అని అడిగాను.

"లేదండి. అప్పుడు గేదె ఉండేది కదండి," అంది. చాలా మామూలుగా అంది. "మిగిలిన అన్నం, గంజి, కూర తొక్కలు అన్నీ కుడితి తొట్లో పోసేసేదాన్ని. మంచి గేదండి, ఏం పోసినా వంక పెట్టేది కాదు. నా కళ్ళిలా అయ్యాక గడ్డికెళ్ళలేక అమ్మేశామండి. అదెళ్ళిపోయాక ఇంకెవరు తింటారు? దాని వాటా నాకొచ్చిందండి."

అని నవ్వింది. ఆవిడ నవ్వడం చూసి నేనూ నవ్వబోయాను. ఏడుపొచ్చింది. ఆవిడకి కనబడదు కాబట్టి కళ్ళు తుడుచుకోవడానికి మొహం తిప్పుకోవాల్సిన అవసరం కూడా లేకపోయింది.

తర్వాత భయం వేసింది. ఎందుకంటే లెక్క మొత్తం ఇప్పుడు తేటతెల్లంగా కనబడుతోంది. కొడుకులు బయట తినేసిన రోజు ఆవిడ ముగ్గురి అన్నం తింటోంది. ఆ రోజు షుగరు ఆకాశంలో ఉంటుంది. చుట్టాలు వచ్చి గిన్నె ఖాళీ అయిన రోజు, అందరి తర్వాతా తినే ఆవిడ ఇన్ని మజ్జిగ తాగి పడుకుంటోంది. ఆ రోజు అదే మాత్రలు ఆవిడని పంపు దగ్గర పడేస్తున్నాయి. ఆపరేషన్ కోసమని మోతాదు ఇంకా పెంచితే, చుట్టాలు వచ్చిన ఒక మధ్యాహ్నం ఆవిడ పడుకుని ఇక లేవకపోవచ్చు. కన్ను సంగతి అటుంచి మనిషే దక్కదు.

ఆ రోజే మా ప్రొఫెసర్ మేడమ్‌కి ఫోన్ చేసి చెప్పాను. ఆవిడ కంఠం ఎప్పుడూ కటువుగా ఉండేది, మాలో చాలామందికి ఆవిడంటే హడల్. మొత్తం విని, "మంచి ప్రశ్న అడిగావు" అని మాత్రం అని, పీహెచ్‌సీ డాక్టరుగారితో తనే మాట్లాడింది. మాత్రలు మార్చారు. ఇక తిండి మార్చాలి. అది మాత్రల కంటే కష్టం.

తక్కువ వండమని చెబితే పిన్నిగారు నన్ను ఇంట్లోకి రానిచ్చేది కాదు. ఎవరైనా వేళకి వస్తే లేదనడం ఆ ఇంట్లో చావుతో సమానం. మగవాళ్ళ కంటే ముందు తినమంటే అదీ జరిగే పని కాదు. అందుకని బాబాయిగారు పొలం నుంచి వచ్చేదాకా ఆగి, ఆయన ముందు ఇదంతా మందుల వ్యవహారంలా చెప్పాను. గేదె మాట ఎత్తలేదు, అది ఆవిడ నాకు చెప్పిన మాట. అన్నం వార్చగానే, ఎవరికీ వడ్డించకముందే, ఆవిడకి ఇంత అన్నం, ఇంత కూర, ఇంత పప్పు తీసి మూతపెట్టి పక్కన ఉంచాలి. తినడం ఎప్పుడైనా తినొచ్చు, కానీ అదే తినాలి, అంతే తినాలి. మిగిలిన అన్నంతో ఆవిడకి సంబంధం లేదు.

ఆయన అడ్డు చెప్తారేమోనని నేను వాదనలన్నీ సిద్ధం చేసుకున్నాను. ఆయన అడ్డు చెప్పలేదు. నా వంకా, ఆవిడ వంకా చూసి, "మనింట్లో అన్నం మిగులుతుందేంటే?" అన్నారు.

ఆయన నిజంగానే అడిగారు. ఇన్నేళ్ళ కాపురంలో ఆయన నిండు గిన్నెలోంచి వడ్డించుకుని తిని, చెయ్యి కడుక్కుని వెళ్ళిపోయారు. తర్వాత ఆ గిన్నె ఏమైందో చూడాల్సిన పని ఆయనకి ఎప్పుడూ పడలేదు. ఆయన లేచి వంటింట్లోకి వెళ్ళి, అన్నం గిన్నె మూత తీసి చూసి, మళ్ళీ మూత పెట్టి వచ్చి కూర్చున్నారు.

తర్వాతిసారి వెళ్ళేసరికి ఆ ఇంట్లో కొన్ని మార్పులు జరిగాయి. మధ్యాహ్నం భోజనాలవగానే బాబాయిగారు మిగిలిన అన్నం బకెట్లో వేసుకుని పక్కింటివాళ్ళ కుడితి తొట్టికి తీసుకెళ్తున్నారు. వీధిలో వాళ్ళు ఏంటీ కొత్త ఉద్యోగం అని ఆట పట్టిస్తే, డాక్టరుగారి ఆర్డరు అంటున్నారట. కొడుకులిద్దరూ తినడానికి రాకపోతే ముందే ఫోన్ చేసి చెప్పాలని ఆయనే షరతు పెట్టారు. చిన్నవాడు నన్ను చూసి, "బిర్యానీ తినాలంటే ఇప్పుడు ఇంట్లో పర్మిషన్ తీసుకోవాల్సొస్తుందండి" అని నిష్ఠూరమాడాడు. తినొద్దనలేదుగా, చెప్పి తినమన్నారు అన్నాను.

కాలేజీలో మేడమ్ ఒకనాడు మధ్యాహ్నం క్లాసు నాకు అప్పజెప్పింది. ఏం చెప్పాలో తెలియక, "మీ ఇంట్లో అందరూ తిన్నాక మిగిలింది ఏమవుతుంది?" అని అందర్నీ అడిగాను. మొదట నవ్వారు. మేత డాక్టరు కుడితి దాకా వెళ్ళిందన్నారు. ఒకడు మా ఇంట్లో ఏమీ మిగలదన్నాడు. నీకెలా తెలుసు అని అడిగాను. కుక్కకి పెడతామని ఒకరు, ఫ్రిజ్‌లో పెడతామని చాలామంది అన్నారు. ఫ్రిజ్‌లో పెట్టింది మర్నాడు ఎవరు తింటారు అని అడిగాను. ముందు బెంచీలో ఒక అమ్మాయి, "అమ్మ" అంది. వెనక నుంచి ఇంకెవరో కూడా అదే అన్నారు. తర్వాత నవ్వులు లేవు. ఆ క్లాసులో ఎవరూ తల వాల్చి నిద్రపోలేదని గట్టిగా చెప్పగలను.

ఆ సాయంత్రం ఇంటికి ఫోన్ చేస్తే నాన్న ఎత్తారు. అమ్మ రోజూ ఏం తింటోంది నాన్నా అని అడిగాను. మనం తినేదే తింటుంది కదమ్మా అన్నారు. ఎంత తింటుంది అన్నాను. "ఉండు, అడిగి చెప్తాను" అన్నారు. వెనక నుంచి అమ్మ గొంతు, "దానికి అక్కడ చదువూ సంధ్యా ఏమీ లేదా?" అని వినబడింది. నాకు జవాబు ఇప్పటికీ రాలేదు. నేనూ వదల్లేదు, వెళ్ళినప్పుడల్లా అమ్మతో పాటు కూర్చుని తిని వస్తున్నాను.

ఇప్పుడు హౌస్ సర్జన్‌గా వార్డులో పనిచేస్తున్నాను. చదువుకునే రోజుల నుంచీ వార్డుకి షుగరుతో వచ్చిన ప్రతి ఆడమనిషినీ ఆ ప్రశ్న అడుగుతున్నాను. చాలామంది ముందు ఏమీ మిగలదంటారు. ఇంకో రెండు మాటలు మాట్లాడాక చెప్తారు. కొందరు అసలు చెప్పరు. ఎందుకు చెప్పరో నాకు చాలాకాలం అర్థం కాలేదు. పిన్నిగారు అంత సులువుగా చెప్పింది కదా, వీళ్ళకేమైందని విసుక్కునేదాన్ని.

పిన్నిగారి షుగరు కుదురుకోవడానికి చాలా నెలలు పట్టింది. మధ్యలో ఒక పెళ్ళి, ఒక తద్దినం, పండగలు వచ్చి మళ్ళీ కొంచెం పాడయింది, మళ్ళీ దారికొచ్చింది. కోతలు అయ్యాక ఆస్పత్రికి వెళ్తే ఈసారి వెనక్కి పంపలేదు. రాజమండ్రిలోనే ముందు ఒక కంటికి ఆపరేషన్ చేశారు. మర్నాడు కట్టు విప్పే వేళకి నేనూ వెళ్ళాను. ఇన్నాళ్ళూ చేసిందంతా ఆ కట్టు కిందే ఉంది.

కంటి డాక్టరుగారు దూది తీసి, మెల్లగా తుడిచి, వేళ్ళు చూపించి ఎన్ని అని అడిగారు. రెండండి, అంది. ఇప్పుడు? నాలుగండి. గోడ మీద ఏముంది? క్యాలెండరండి, వినాయకుడండి, అంది. బాబాయిగారు తల పైకెత్తి ఫ్యాను వంక చూస్తూ నిలబడ్డారు. ఎందుకలా చూస్తున్నారో నాకు తెలుసు కాబట్టి నేను ఆయన వంక చూడలేదు.

"ఎలా ఉంది పిన్నిగారూ?" అన్నాను.

గొంతు విని ఆవిడ ఇటు తిరిగింది. ఈసారి నా భుజం పక్కకి చూడలేదు. తిన్నగా నా మొహంలోకి చూసింది. చూస్తూ చూస్తూ ఆవిడ మొహంలో ఆశ్చర్యం నిండింది.

"మీరేనాండి డాక్టరుగారు?"

"నేనే."

"ఇంత చిన్నపిల్లా? ఆ అడగడం వింటే పెద్దావిడనుకున్నానండి, పిన్నిగారూ అంటే మర్యాదకనుకున్నాను. నా ఈడుదనుకున్నాను," అంది. అక్కడున్న నర్సులు, బాబాయిగారు అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

ఆవిడ నవ్వలేదు. నా చెయ్యి పట్టుకుని దగ్గరికి లాక్కుంది. అప్పటిదాకా నన్ను మీరు అన్న మనిషి, నాకు ఒక్కదానికే వినబడేట్టు మెల్లగా అంది.

"నీ మొహం కనబడుంటే ఆ గేదె మాట నీకు చెప్పేదాన్ని కాదమ్మా."